పాముపిల్లకు చేయి అలవాటు చేయడం

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని మన సామెత. గుడ్డు చీల్చుకుని బయటికి వచ్చిన పాముపిల్లకు లోకం నిజంగానే అలా ఎదురవుతుంది. కాకి, గద్ద, ముంగిస, పిల్లి, చివరికి పెద్ద పాము కూడా దాన్ని తినేవే. అందుకే విషం లేని అమెరికా జాతి కార్న్ స్నేక్‌ను పెంచుకుంటే, దాని పిల్ల మన చేయి చూడగానే మెడను మెలిపెట్టి, తోక గబగబా ఆడించి, కాటుకు దూకుతుంది. దాన్ని కోపిష్టిది అనడం అన్యాయం. అది ప్రాణభయం. పెన్సిలంత లావైనా లేని ఆ జీవికి పైనుంచి దిగే అరచేయి, గద్ద కాలు ఒకటే.

ఈ భయం తగ్గుతుంది. అమెరికాలోని టెనెసీలో గోర్డన్ బర్గార్ట్, హెరాల్డ్ హెర్జోగ్ అనే పరిశోధకులు 1980లలో అక్కడి సన్నని గార్టర్ పాముల పిల్లల మీద ప్రయోగాలు చేశారు. హాని లేని బెదిరింపే మళ్లీ మళ్లీ ఎదురైతే పిల్లలు కాటు వేయడం తగ్గించాయి. అయితే అన్ని జాతులూ ఒకేలా మారలేదు. ఒకే జాతిలోని పిల్లల మధ్య కూడా తేడాలు కనిపించాయి. 1999లో అమెరికాలోనే రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ హోల్ట్జ్‌మన్ బృందం వెలువరించిన పరిశోధనలో కార్న్ స్నేక్ పిల్లలు, తప్పించుకునే దారి ఎక్కడుందో నేర్చుకుని గుర్తుపెట్టుకున్నాయి. పాముకు నేర్చుకునే శక్తి లేదన్న మాట నిలవదు. అది మనల్ని ప్రేమిస్తుందని నేను చెప్పను. కానీ ఇంత చిన్న ప్రాణి ఒక భయాన్ని వదులుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

కొత్తగా వచ్చిన పిల్లను మొదటి వారం పది రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి. అది దాక్కునే చోటు చూసుకుని, ఒకటి రెండుసార్లు తిన్నాకే చేయి పెట్టాలి. అదీ పైనుంచి కాదు, పక్కనుంచి. తల పట్టుకోకుండా, నడుము కింద వేళ్లు పోనిచ్చి నెమ్మదిగా ఎత్తాలి. చేతిలోకి రాగానే పిల్ల వేళ్ల సందుల్లోంచి పరుగు పెడుతుంది. బిగించి పట్టుకుంటే భయం రెట్టింపవుతుంది. ఒక చేయి దాటుతుండగా రెండో చేయి ముందు పెడుతూ పోవాలి. కాసేపటికి వేగం తగ్గి, నాలుక నిదానంగా, పొడవుగా బయటికి వస్తుంది. అది గాలిలోని వాసన రేణువులను అంగిట్లోని జాకబ్సన్ అవయవానికి చేరవేస్తోందన్నమాట. చేతికి ఎలుక వాసన ఉంటే ఆ అవయవం తిండి వచ్చిందనే చెబుతుంది కాబట్టి ముందుగా సబ్బుతో కడుక్కోవాలి. పాములు సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియాను మోయగలవు, అందువల్ల తర్వాతా కడుక్కోవాలి. ఒకవేళ కరిచినా చేయి లాగేయవద్దు. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే మన చర్మం చీరుతుంది, దాని పళ్లు విరుగుతాయి.

తిన్నాక రెండు రోజులు కదిలించకూడదు, కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకు తిరిగి చూపు మసకబారుతుంది. ఆ రోజుల్లోనూ దాని జోలికి పోవద్దు.

కదలని ప్రతి పామూ మచ్చికైన పాము కాదు. ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ జాతి బాల్ పైథాన్ భయపడితే తల లోపల దాచి ఉండలా చుట్టుకుంటుంది. చూసేవారికి అది బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల చలికి ఏ పామైనా మందగిస్తుంది, ఎందుకంటే దాని ఒంటి వేడి బయటి నుంచి రావలసిందే. అలాంటప్పుడు చేతిలో కదలకుండా పడి ఉంటే అది నమ్మకం కాదు, చలి. బాల్ పైథాన్ పెట్టెలో ఒక వైపు 31, 32 డిగ్రీలు, మరో వైపు 26 ఉండేలా చూస్తే అదే అటూ ఇటూ జరుగుతూ తన వేడిని సరిచూసుకుంటుంది. మన మే నెల ఎండల్లో గది 40 దాటితే మాత్రం ప్రాణానికే ముప్పు.

ఇదంతా విదేశీ జాతుల మాట. జెర్రిపోతుతో సహా మన పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులను కూడా, 2022 సవరణ తర్వాత, కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వానాకాలంలో పెరట్లో కనిపించే పాముపిల్ల మీద ఈ పద్ధతులేవీ ప్రయత్నించవద్దు. విషం లేని వుల్ఫ్ స్నేక్‌కూ కట్లపాము పిల్లకూ ఒంటి మీది పట్టీలను బట్టి తేడా చెప్పడం సామాన్యులకు కష్టం, కట్లపాముకు పుట్టుకతోనే విషం ఉంటుంది. దూరం నుంచి దాని మీద ఒక కన్నేసి ఉంచి, హైదరాబాద్‌లో 1995 నుంచి పాములను కాపాడుతున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి ఫోన్ చేయండి.