ఎర్ర గుర్తు కనబడగానే ఫార్మాట్ చేయకండి: డేటాబేస్ సర్వర్ ఇన్‌స్టాలేషన్‌పై అపోహలు – వాస్తవాలు

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకు ఫోను మోగింది. "సార్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్‌స్టాల్ కావడం లేదు. విండోస్ మూడుసార్లు ఫార్మాట్ చేశాను. అయినా అదే ఎర్రర్. ల్యాప్‌టాప్‌లోనే లోపం ఉందంటున్నారు, మార్చేయమంటున్నారు." అమీర్‌పేట హాస్టల్లో ఉండి డేటాబేస్ కోర్సు నేర్చుకుంటున్న అమ్మాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అంటే సమాచారాన్ని పద్ధతిగా దాచిపెట్టే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్. ల్యాప్‌టాప్ కొని నెల కూడా కాలేదు. ఫార్మాట్ చేయమని ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. మొదటిసారి రూమ్మేట్, రెండోసారి ఏదో వీడియో, మూడోసారి రిపేరు షాపతను. ఆ ముగ్గురిలో ఒక్కరైనా లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా) తెరిచి చూడమని చెప్పలేదు.

ఆమె సంగతి మళ్ళీ చెబుతాను. ముందు అసలు జబ్బు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే నెలకు నాలుగైదుసార్లయినా ఇదే కథ వింటున్నాను.

అపోహ: ఇన్‌స్టాలేషన్ ఫెయిలైతే మొత్తం తీసేసి, ఫోల్డర్లన్నీ డిలీట్ చేసి, "క్లీన్‌గా" మళ్ళీ వేయాలి

ఈ ఒక్క మాట వల్ల జనం పోగొట్టుకున్నంత డేటా వైరస్‌ల వల్ల కూడా పోయి ఉండదని నా అనుమానం.

కొన్నేళ్ల కిందట ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర జరిగింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కింద ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019 (దాని ఉచిత రకం) నడుస్తోంది. ఒకరోజు పొద్దున బిల్లింగ్ తెరుచుకోలేదు. కంప్యూటర్లు చూసే కుర్రవాడిని పిలిచారు. సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రామ్) ఆగిపోయి ఉంది, స్టార్ట్ నొక్కితే 1069 అని ఎర్రర్ వస్తోంది. "సర్వర్ చెడిపోయింది, మళ్ళీ వేయాలి" అని తేల్చేశాడు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేశాడు. ఆ పేరుతో ఇన్‌స్టాన్స్ (ఒకసారి వేసిన సర్వర్ కాపీ) అప్పటికే ఉందంటూ సెటప్ ఆగిపోయింది. అన్‌ఇన్‌స్టాల్ సగంలోనే నిలిచిందని, అవశేషాలు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) మిగిలాయని అతనికి తట్టలేదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్ళి మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్న ఫోల్డరును మొత్తంగా షిఫ్ట్ నొక్కి మరీ డిలీట్ చేశాడు.

ఆ ఫోల్డరులో ఉన్నది ప్రోగ్రామ్ ఒక్కటే కాదు. మీరు వేరే చోటు చూపిస్తే తప్ప, డేటాబేస్ ఫైళ్లు కూడా ఆ చెట్టులోనే ఒక కొమ్మ కింద, డేటా అనే ఫోల్డరులో కూర్చుంటాయి. డేటా ఉండే ఎండీఎఫ్, మార్పుల చిట్టా ఉండే ఎల్‌డీఎఫ్ రెండూ అక్కడే. ఇంకా దారుణం ఏమిటంటే, బ్యాకప్‌కు చోటు ప్రత్యేకంగా చెప్పకపోతే అది కూడా పక్క కొమ్మమీదే పడుతుంది. ఆ వ్యాపారి రోజూ క్రమం తప్పకుండా బ్యాకప్ తీసేవాడు పాపం. బాకీల లెక్కలు, స్టాకు, బ్యాకప్‌లు అన్నీ ఒక్క నొక్కుకు వెళ్ళిపోయాయి. నేను వెళ్ళేసరికి మిగిలింది నాలుగు నెలల కిందటి పెన్‌డ్రైవు కాపీ ఒకటి.

ఇంతకీ 1069 అంటే ఏమిటి? లాగాన్ విఫలమైందని. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేసినవాళ్ళు ఆ సర్వీసును యజమాని విండోస్ ఖాతా కింద నడిచేలా పెట్టారు. ముందురోజు సాయంత్రం ఆయన తన విండోస్ పాస్‌వర్డు మార్చుకున్నారు. సర్వీసుకు కొత్త పాస్‌వర్డు చెప్పే నాథుడు లేడు. సర్వీసు ప్రాపర్టీస్‌లో లాగాన్ ట్యాబ్ తెరిచి కొత్త పాస్‌వర్డు కొడితే రెండు నిమిషాల పని. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

ఇక వాస్తవం. "ఇన్‌స్టాలేషన్ ఫెయిల్డ్" అని తెరమీద కనబడినంత మాత్రాన ఏమీ ఇన్‌స్టాల్ కాలేదని అర్థం కాదు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఫైళ్లు అన్నీ చేరిపోయి, సర్వీసు మొదటిసారి లేచి నిలబడే దగ్గర పడిపోయినవే. అంటే జబ్బు సెటప్‌ది కాదు, లేవలేకపోయిన సర్వీసుది. ఎందుకు లేవలేదో అది తనే రాసి పెట్టి పోతుంది. చదివేవాళ్ళు లేరు, అంతే.

ఎక్కడ రాస్తుందంటే: ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, అందులో 160 (2022కు ఇది, 2019కి 150, 2017కు 140), అందులో సెటప్ బూట్‌స్ట్రాప్, అందులో లాగ్. అక్కడ సమ్మరీ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ప్రతి ప్రయత్నానికీ తేదీ, సమయం పేరుగా ఒక ఫోల్డరు కూడా ఉంటుంది. సమ్మరీలో ఏ భాగం పాసైందో ఏది ఫెయిలైందో వరసగా కనిపిస్తుంది. ఒక్క డేటాబేస్ ఇంజిన్ మాత్రమే ఫెయిలై మిగిలినవన్నీ పాసైతే, సెటప్ లాగ్‌లు పక్కన పెట్టి ఇంజిన్ సొంత ఎర్రర్‌లాగ్ తెరవండి. అది ఇన్‌స్టాన్స్ ఫోల్డరులోనే లాగ్ అన్న ఫోల్డరు కింద, ఎర్రర్‌లాగ్ అన్న పేరుతో, ఎక్స్‌టెన్షన్ లేకుండా ఉంటుంది, నోట్‌ప్యాడుతో తెరుచుకుంటుంది. అలా కాక సెటప్ ఏదో ఒక ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలేషన్ ప్యాకేజీ) దగ్గర ఆగి 1603 అని చూపిస్తే ఆ అంకెను గూగుల్లో వెతికి లాభం లేదు. "ఏదో ప్రాణాంతకమైన తప్పు జరిగింది" అనడం తప్ప 1603కు వేరే అర్థం లేదు. ఆ భాగం పేరుతో ఉన్న లాగ్‌లో "రిటర్న్ వేల్యూ 3" అన్న చోటు వెతికి, దానికి పైన ఉన్న పది పదిహేను లైన్లు చదవండి.

పాత డేటాబేస్ ఉన్న యంత్రమైతే లాగ్ తెరవడానికన్నా ముందు ఇంకో పని ఉంది. సర్వీసు ఆపి, డేటా ఫోల్డరును వేరే డ్రైవుకు కాపీ చేయండి. కట్ కాదు, కాపీ. అన్‌ఇన్‌స్టాల్ మామూలుగా మీ డేటాబేస్ ఫైళ్లను ముట్టుకోదు, నిజమే. వాటిని ముట్టుకునేది ఆ తర్వాత "చెత్త శుభ్రం చేద్దాం" అనుకునే మనిషి చెయ్యి.

శుభ్రం అంటే గుర్తొచ్చింది. సీ డ్రైవులో చోటు లేదని విండోస్ కింద దాగి ఉండే ఇన్‌స్టాలర్ ఫోల్డరును ఖాళీ చేసేవాళ్ళున్నారు. అందులోవి పనికిరాని ఫైళ్లు కావు. రేపు అప్‌డేట్ వేయాలన్నా, ఆఖరికి అన్‌ఇన్‌స్టాల్ చేయాలన్నా విండోస్ వెతుక్కునేది వాటినే. అవి లేకపోతే ముందుకూ పోలేరు, వెనక్కీ రాలేరు.

అపోహ: కొత్త ల్యాప్‌టాప్‌లో ఎంత వేసినా ఎక్కడం లేదంటే ల్యాప్‌టాప్ చెడిందన్నమాట

ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. స్క్రీను పంచుకోమన్నాను. చివర్లో వచ్చే ఎర్ర సందేశంలో "రికవరీ హ్యాండిల్" అన్న మాటలున్నాయి, కోడ్ మైనస్ 2061893606. విండోస్ 11, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు). ఆ మూడూ వినగానే సగం అర్థమైపోయింది. అయినా ఈ సందేశానికి కారణం ఒక్కటే ఉండదు. డేటా ఫోల్డరు మీద సర్వీసు ఖాతాకు అనుమతి లేకపోయినా ఇదే వస్తుంది. అందుకే ఎర్రర్‌లాగ్ తెరిపించాను. 256 లాగ్ రాతలు సరిగ్గా అమరలేదని ఒక లైను, కాసేపటికి ఇంజిన్ కుప్పకూలినట్టు డంపు.

జరిగింది ఇది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 512, 4096 బైట్ల సెక్టార్లు (డిస్కు ఒకేసారి చదివే, రాసే ముక్కలు) ఉన్న డిస్కుల మీదే పనిచేస్తుంది. కొన్ని కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవులు తమ సెక్టారు అంతకన్నా పెద్దదని విండోస్‌కు చెబుతాయి. విండోస్ 10 డ్రైవరు ఆ మాటను పట్టించుకునేది కాదు. విండోస్ 11 డ్రైవరు ఉన్నదున్నట్టు పైకి చేరవేస్తుంది. ఇంజిన్ లేచి, అంకె చూసి, పడిపోతుంది. డ్రైవు బాగానే ఉంది, విండోస్ బాగానే ఉంది, మీరు డౌన్‌లోడ్ చేసిన ఫైలూ బాగానే ఉంది.

మూడుసార్లేమిటి, ముప్ఫైసార్లు ఫార్మాట్ చేసినా డ్రైవు చెప్పే అంకె మారదు. ఫార్మాట్ చేసేటప్పుడు ఎంచుకునే అలొకేషన్ యూనిట్ సైజు వేరు, ఇది వేరు. దాన్ని 4096గా పెట్టి "అయినా రాలేదు" అని బాధపడేవాళ్ళను చూశాను.

మీ దగ్గర ఇదేనా కాదా అని చూసుకోవాలంటే, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్ఎస్‌యుటిల్ ఎఫ్ఎస్‌ఇన్ఫో సెక్టార్‌ఇన్ఫో అని కొట్టి డ్రైవు అక్షరం ఇవ్వండి. వచ్చే వరసల్లో ఫిజికల్ బైట్స్ పర్ సెక్టార్ అంటూ మొదలయ్యే రెండు ఉంటాయి: ఒకటి అటామిసిటీకి, ఒకటి పెర్ఫార్మెన్స్‌కు. వాటిలో 4096 మించిన అంకె ఉంటే దొంగ దొరికినట్టే. ఆమెది 16384.

మందు మైక్రోసాఫ్ట్ చెప్పినదే. రిజిస్ట్రీలో లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, స్టోర్‌ఎన్‌వీఎంఈ, పారామీటర్స్, డివైస్ దాకా వెళ్ళి, మల్టీ స్ట్రింగ్ రకంలో ఫోర్స్‌డ్‌ఫిజికల్‌సెక్టార్‌సైజ్‌ఇన్‌బైట్స్ అన్న పేరు (మధ్యలో ఖాళీల్లేకుండా) సృష్టించి, విలువగా ఒక నక్షత్రం గుర్తు (*), ఒక ఖాళీ, 4095 ఇవ్వాలి. అది అచ్చుతప్పు కాదు, 4095 అనే ఇవ్వాలి. మార్చేముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. తర్వాత రీస్టార్ట్. మళ్ళీ ఎఫ్ఎస్‌యుటిల్ నడిపి అంకె తగ్గిందని చూసుకున్నాక, సగంలో చచ్చిన ఇన్‌స్టాన్స్‌ను కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసి, కొత్తగా వేయండి. అన్‌ఇన్‌స్టాల్ వద్దని ఇంతసేపు అరిచి ఇప్పుడు మీరే చేయమంటున్నారేమిటని అడగవచ్చు. ఈ ఇన్‌స్టాన్స్ ఒక్కసారి కూడా లేవలేదు, అందులో పోయేదేమీ లేదు. తేడా అదే. రిజిస్ట్రీ ముట్టుకోవాలంటే భయమైతే, సెక్టారు 4096 దాటని వేరే డ్రైవు ఉన్నవాళ్ళు దాని మీద వేసుకోవచ్చు.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు సర్వీసు లేచింది. ఆ అమ్మాయి ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అయితే నాన్న కొన్నది మంచిదే కదా సార్" అంది. మంచిదేనమ్మా, కాస్త మరీ కొత్తది, అంతే అన్నాను.

మిగిలినవి, త్వరగా

*ఫైర్‌వాల్ దగ్గర పసుపు గుర్తు వస్తే ఇన్‌స్టాల్ కాదు.* అవుతుంది. పసుపు హెచ్చరిక మాత్రమే. వేరే కంప్యూటర్ల నుంచి కలవాలంటే పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) తెరుచుకోమని చెబుతోంది. మీ ఒక్క ల్యాప్‌టాప్‌లో నేర్చుకునేదానికి అది మీకు సంబంధమే లేదు. నెక్స్ట్ నొక్కండి.

*అన్నీ పచ్చ గుర్తులే వచ్చాయి కానీ ఎక్కడా తెరుచుకోవడం లేదు, కాబట్టి ఫెయిలైంది.* ఇన్‌స్టాల్ అయింది బాబూ. మీరు వెతుకుతున్నది మేనేజ్‌మెంట్ స్టూడియో, అంటే సర్వర్‌ను తెరిచి చూసే ప్రోగ్రామ్. 2016 నుంచి అది విడిగా డౌన్‌లోడ్ చేసుకోవలసిన సరుకు. అది వేశాక కూడా కలవడం లేదంటే సర్వర్ పేరు చూసుకోండి. ఎక్స్‌ప్రెస్ అయితే చుక్క, వెనక్కి వాలిన గీత, ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్. ఉత్త చుక్క సరిపోదు.

*విండోస్ హోమ్ ఎడిషన్‌లో రాదు.* ఎక్స్‌ప్రెస్, డెవలపర్ అనే రకాలు రెండూ వస్తాయి. ప్రో కొనమని చెప్పినవాళ్ళు కమీషన్ ఎంతో కూడా చెబితే బాగుండేది. కాకపోతే కంప్రెస్ చేసిన డ్రైవు మీద మాత్రం సెటప్ ఒప్పుకోదు. చోటు మిగులుతుందని ఆ ఆప్షన్ పెట్టి మరిచిపోయినవాళ్ళు ఉంటారు.

*ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులున్నాయి, అయినా ఆగిందంటే సెటప్ ఫైలు పాడైంది.* అడ్మిన్ అయినా చాలాచోట్ల డీబగ్ హక్కు (వేరే ప్రోగ్రాముల లోపలికి చూసే అధికారం) తీసేసి ఉంచుతారు. సెటప్‌కు అది కావాలి. రూల్ చెక్‌లోనే చెబుతుంది, చదివి మీ ఐటీ వాళ్ళకు పంపండి. వాళ్ళతో గొడవ పడకండి, భద్రత కోసమే తీశారు.

*మైఎస్‌క్యూఎల్ (ఇంకో డేటాబేస్ సర్వర్) "స్టార్టింగ్ సర్వర్" దగ్గర ఆగితే ఇన్‌స్టాలర్ మార్చాలి.* ముందు మీ కంప్యూటర్లో ఎక్స్ఏఎంపీపీ (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాకేజీ) ఉందేమో చూడండి. కాలేజీలో ఎప్పుడో వేసి మరిచిపోయి ఉంటారు. దాని డేటాబేస్ 3306 పోర్టులో కూర్చుని ఉంటే కొత్తవాడికి కుర్చీ ఉండదు. ఇంకోటి: తీసేసి మళ్ళీ వేసినా పాత రూట్ (ముఖ్య ఖాతా) పాస్‌వర్డే అడుగుతోందంటే, ప్రోగ్రామ్‌డేటాలో పాత డేటా ఫోల్డరు మిగిలే ఉంది. ఆ ప్రోగ్రామ్‌డేటా మామూలుగా కంటికి కనబడదు, దాచిన ఫోల్డర్లు చూపించమనాలి. అందులో కావలసిందేమీ లేదని రూఢి అయ్యాకే తీయండి. కారణం రాసి ఉండే ఫైలు కూడా అక్కడే, కంప్యూటరు పేరుతో, ఈఆర్‌ఆర్ ఎక్స్‌టెన్షన్‌తో ఉంటుంది.

*యాంటీవైరస్ ఆపితే అన్నీ ఎక్కుతాయి.* ఒక్కోసారి అడ్డుపడుతుంది, కాదనను. కానీ దాన్ని ఆపి, ఎవరో పంపిన లింకులోంచి సెటప్ దించుకునేవాళ్ళను ఏమనాలి? డెవలపర్ ఎడిషన్ మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉచితం.

సాయం అడిగేటప్పుడు ఒక్క మాట. తెరను ఫోనుతో ఫొటో తీసి పంపకండి. నాకు వచ్చేవాటిలో సగం ట్యూబ్‌లైటు, సగం మీ బొటనవేలు, మధ్యలో ఎక్కడో ఎర్ర గుర్తు. ఆ గుర్తు నేను చాలా చూశాను. సమ్మరీ ఫైలు, ఎర్రర్‌లాగ్, విండోస్ వెర్షన్, ఎఫ్ఎస్‌యుటిల్ ఇచ్చిన నాలుగు వరసలు పంపండి. ఇంతకుముందు ఏం డిలీట్ చేశారో కూడా నిజం చెప్పండి. తిట్టను.