తొమ్మిదో ర్యాంకు, వంద కౌంటు రొయ్య

ప్రపంచంలో అత్యంత శక్తిమంతులైన నేతల జాబితా ఒకటి మళ్లీ విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద తేదీ లేదు, ఎవరు తయారుచేశారో లేదు. అయినా ఆర్కే బీచ్‌లో పొద్దున నడకకొచ్చినవాళ్లు కాళీమాత గుడి దగ్గర ఆగి మరీ వాదులాడుకుంటున్నారు. అమెరికా పత్రిక ఫోర్బ్స్ 2009లో ఈ లెక్క మొదలుపెట్టిందని, 2018 తర్వాత జాబితా వేయలేదని చాలామందికి తెలుసు. ఆ చివరి జాబితాలో మోదీది 9వ స్థానం.

అసలు మలుపు 2010లో ఉంది. ఆ ఏడాది ఒబామాను రెండో స్థానానికి దింపి, చైనా అధ్యక్షుడు హు జింటావోను పైన కూర్చోబెట్టారు. పత్రిక చెప్పిన కారణం చూడండి: ఆయన నదుల్ని మళ్లించగలడు, నగరాలు కట్టగలడు, ఎదురుతిరిగినవాళ్లను జైల్లో పెట్టగలడు, అధికారులో కోర్టులో అడ్డొస్తాయన్న బెంగ లేదు. ఇందులో చైనా సరిహద్దు దాటిన పని ఒక్కటీ లేదు. ఇంట్లో ఎదురులేకపోవడాన్నే లోకం మీద పట్టు కింద జమకట్టేశారు. తర్వాత రెండేళ్లు ఒబామా మళ్లీ పైకొచ్చినా, 2013 నుంచి 2016 దాకా పుతిన్‌దే మొదటి స్థానం. ఆయనకు దేశం బయటి సిరియా వ్యవహారం కూడా కలిసొచ్చింది, కాదనలేం. 2018లో షీ జిన్‌పింగ్ వంతు. అంతకు రెండు నెలల ముందే చైనా అధ్యక్షుడి పదవీకాలానికి ఉన్న పరిమితిని ఎత్తేసింది.

2010 జాబితాలోనే సోనియా గాంధీ 9, ప్రధాని మన్మోహన్ సింగ్ 18. అప్పటి ఢిల్లీ లెక్కలకు అది సరిపోయే వరసే. కానీ ఆ జూన్‌లో టొరంటో జీ20 దేశాల సదస్సు దగ్గర, భారత ప్రధాని మాట్లాడితే అందరూ వింటారని ఒబామా అన్నారు. 18 అన్న అంకెలో ఆ మాటకు చోటు లేదు.

ఇప్పుడు వాదనకు దిగేవాళ్లు ఎక్కువగా చూపించేది అమెరికా సంస్థ మార్నింగ్ కన్సల్ట్ నేతల మీద ప్రజల మెప్పు ఎంతో లెక్కగట్టే సర్వే. 2025 జులైలో మోదీ 75 శాతంతో అందరికన్నా ముందున్నారు. ట్రంప్‌కు నూటికి సగం కూడా రాలేదు. దేశం పరువు పెరిగిందనడానికి ఇదే రుజువంటారు. అయితే ఆ సర్వేలో ఏ దేశంవాళ్లను ఆ దేశ నేత గురించే అడుగుతారు. మోదీ ఎలాంటివారని అమెరికావాళ్లను ఎవరూ అడగలేదు.

ఆగస్టు 27కల్లా ఆ సగం మార్కులైనా రాని ట్రంప్ మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేశారు. అప్పటికి మన రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికాదే, విశాఖ రేవు నుంచి కంటైనర్లలో వెళ్లే రొయ్యలోనూ పెద్ద వాటా అమెరికాదే. వంద కౌంటు, అంటే కిలోకు వంద తూగే వనామీ రకం రొయ్య, రేటు చెరువు గట్టు మీదే దిగిపోయింది. పట్టుబడి వాయిదా వేద్దామంటే మేత ఖర్చు, పట్టేద్దామంటే రేటు లేదు. సర్వేలో 75 శాతం అప్పటికి నెల కిందటి మాట.