త్సినందలి దొరగారి మేడ

చిరంజీవులు కీర్తనకు, సుహాస్‌కు,

తాతయ్య ఆశీస్సులు. జార్జియా దేశ రాజధాని తిబిలిసిలో వైద్యం చదువుతున్న మీ అక్క పంపిన ఫోటోలు చూసి, దుమ్ము పట్టిన ఆ సీసాలను కడగకుండా ఎందుకు దాచారని అడిగారు కదా. అవి తాగడానికి కాదు. ఆ మేడ నేలమాళిగలో 16,000కు పైగా వైన్ సీసాలున్నాయి. వాటిలోని జార్జియా వైన్లలో పాతది 1841 నాటి సపెరావి, అంటే ఎర్ర వైన్. ఆ దుమ్మూ వాటి వయసులో భాగమే.

ఆ మేడ ఉన్న ఊరు త్సినందలి. జార్జియా తూర్పు భాగాన, కఖేతి సీమలో, తెలావి పట్టణం పక్కన ఉంది. దాని దొర అలెగ్జాండర్ చావ్‌చవాడ్జే (1786–1846) కవి, సేనాని కూడా. అప్పట్లో జార్జియాను ఏలుతున్న రష్యా తరఫున నెపోలియన్ మీద పోరాడాడు. అదే రష్యా మీద 1832లో జరిగిన కుట్రలో ఉన్నాడని ప్రవాస శిక్షా అనుభవించాడు. ఆయన కూతురు నీనో రష్యన్ నాటకకర్త గ్రిబొయేదొవ్‌ను పెళ్లాడింది. కొద్ది నెలలకే, 1829లో, అతను టెహరాన్‌లో అల్లరిమూక చేతిలో చనిపోయాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

జార్జియాలో వైన్‌కు 8,000 ఏళ్ల చరిత్ర ఉంది. క్వెవ్రి అనే పెద్ద మట్టిబానను, మన పల్లెల్లో ధాన్యం పాతరలాగా, మూతి దాకా భూమిలో పాతిపెడతారు. లోపల తేనెమైనం పూసి, ద్రాక్షరసాన్ని తొక్కలూ గింజలతో సహా నెలల తరబడి అందులోనే ఉంచుతారు. నేల చల్లదనం వల్ల రసం నిదానంగా పులుస్తుంది. చావ్‌చవాడ్జే ఈ పాత విద్యకు ఐరోపా పద్ధతులను జోడించాడు. మేడ చుట్టూ ఐరోపా తరహా తోట కూడా వేయించాడు. పేరు దొరదే గానీ చాకిరీ మాత్రం భూమికి కట్టుబడిన రైతులది. ఆ ప్రాంతంలో వాళ్ల విముక్తి 1864లోగానీ మొదలుకాలేదు.

నాకు అన్నిటికన్నా మనసుకు తగిలింది 1854 నాటి సంగతి. అప్పటికి దొర పోయాడు, కొడుకు డేవిడ్ సరిహద్దు కాపలాలో ఉన్నాడు. రష్యాతో పోరాడుతున్న కాకసస్ కొండజాతుల నాయకుడు ఇమామ్ షామిల్ మనుషులు మేడను దోచి, డేవిడ్ భార్య అన్నాను, ఆమె చెల్లెలిని, పిల్లలను ఎత్తుకుపోయారు. దారిలో గుర్రం మీద నుంచి జారిపడి ఒక చంటిపాప చనిపోయింది. మిగిలినవాళ్లు ఎనిమిది నెలలు కొండల్లో బందీలుగా ఉన్నారు.

షామిల్ అడిగింది డబ్బొక్కటే కాదు, తన కొడుకు జమాలుద్దీన్‌ను. ఆ కుర్రవాణ్ణి 1839లో రష్యన్లు బందీగా తీసుకెళ్లి, చదివించి, తమ సైన్యంలో అధికారిని చేశారు. 1855 మార్చిలో 40,000 వెండి రూబుళ్లతో పాటు అతన్ని అప్పగించాకే వీళ్లు విడుదలయ్యారు. అతను మాత్రం రష్యా బతుకుకే అలవాటుపడ్డాడు. పుట్టిన కొండల్లో ఇమడలేక, క్షయతో మూడేళ్లకే కన్నుమూశాడు. ఇందులో ఎవరు ఎవరిని విడిపించినట్టో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ సొమ్ము కోసం డేవిడ్ ఎస్టేటును తాకట్టు పెట్టాడు, విడిపించుకోలేకపోయాడు. చివరికి అది రష్యా రాజకుటుంబం చేతికి పోయింది. ఊరి పేరుతోనే వచ్చే తెల్ల వైన్ 1886 నుంచి తయారవుతోంది. మేడ ఇప్పుడు మ్యూజియం.

వైన్ మాట మీరు పెద్దయ్యాక చూద్దాం. మీకోసం చుర్చ్‌ఖేలా పంపమని అక్కకు చెప్పాను. అక్రోటు పప్పులను దారానికి గుచ్చి, పిండి కలిపి చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. వేళ్లకు అంటుకుంటుంది, పుస్తకాలు దూరంగా పెట్టి తినండి.

ఇట్లు,
మీ తాతయ్య