విత్తనమా, హెచ్చరికా? రొమ్ము బయాప్సీలో ఒక మాట వెనుక చరిత్ర

బయాప్సీ రిపోర్టులో ‘ఎటిపికల్ హైపర్‌ప్లాసియా’ అని కనబడగానే గుండె గుభేల్మంటుంది. అది క్యాన్సర్ కాదు. పాల నాళాల్లోనో, పాలు తయారయ్యే లోబ్యూల్స్‌లోనో కణాలు ఎక్కువై, వాటి తీరు కొంత మారిందని అర్థం. ఈ మార్పే ముదిరి క్యాన్సర్ అవుతుందా, లేక ముప్పు ఉందని చెప్పే గుర్తు మాత్రమేనా? ఈ వాదన ఇంకా పూర్తిగా తెగలేదు.

1941లో న్యూయార్క్ మెమోరియల్ హాస్పిటల్‌లో ఫుట్, స్టీవర్ట్ అనే పాథాలజిస్టులు (కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసి రోగం తేల్చే వైద్యులు) కణాలతో ఉబ్బిపోయిన లోబ్యూల్స్‌ను వర్ణించి ‘లోబ్యులర్ కార్సినోమా ఇన్ సైటూ’, అంటే పుట్టిన చోటు దాటని లోబ్యూల్ క్యాన్సర్, అన్నారు. పేరులో కార్సినోమా ఉంది కనుక చికిత్సా అలాగే సాగింది: రొమ్ము తీసేయడమే. ఒక్క పేరు వల్ల ఎందరు స్త్రీలు అంత పెద్ద ఆపరేషన్‌కు లోనయ్యారో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. తర్వాత ఏళ్లపాటు గమనిస్తే, క్యాన్సర్ వచ్చినవారిలో కొందరికి అది రెండో రొమ్ములో వచ్చింది. అలాంటప్పుడు ఒక రొమ్ము తీసి లాభమేమిటి? 1978లో అమెరికా సర్జన్ హాగెన్‌సెన్, కార్సినోమా అనే మాట లేకుండా, ‘లోబ్యులర్ నియోప్లాసియా’ (లోబ్యూల్స్‌లో కొత్త పెరుగుదల) అనే పేరు ప్రతిపాదించారు. ఇప్పుడు క్యాన్సర్ ఏ దశలో ఉందో తేల్చే అమెరికా స్టేజింగ్ విధానం దీన్ని క్యాన్సర్ లెక్కలోంచే తీసేసింది.

తిత్తులు, గట్టిపడటాలు, ఈ మార్పులు అన్నిటినీ ‘ఫైబ్రోసిస్టిక్ వ్యాధి’ అని ఒకే గాటన కట్టేసిన కాలం కూడా ఉంది. దాన్ని విడదీసింది 1985లో డ్యూపాంట్, పేజ్ అనే పరిశోధకులు అమెరికాలోని నాష్‌విల్‌లో చేసిన అధ్యయనం. 10,000కు పైగా పాత బయాప్సీలను తిరగేసి, 3,303 మంది స్త్రీలకు తర్వాత ఏమైందో చూశారు. 70 శాతం మందికి ముప్పు పెరగనే లేదు. ఎటిపియా (అంటే ఎటిపికల్ హైపర్‌ప్లాసియా) ఉన్నవారికి మాత్రం, కణాలు పెరగనివారితో పోలిస్తే ముప్పు 5 రెట్లు. కుటుంబంలోనూ క్యాన్సర్ ఉంటే 11 రెట్లు.

2003లో పేజ్ బృందమే మరో ముడి విప్పింది. లోబ్యులర్ రకం ఎటిపియా తర్వాత వచ్చే క్యాన్సర్ రెండో వైపు కంటే అదే వైపు రొమ్ములో సుమారు 3 రెట్లు ఎక్కువ. అంటే గుర్తు మాత్రమే కాదు, కొంతవరకు విత్తనం కూడా. జన్యు పరీక్షలూ ఆ వైపే చూపాయి: నాళాల ఎటిపియాలో, తక్కువ గ్రేడ్ డీసీఐఎస్‌లో (పాల నాళం దాటని, కణాల తీరు అంతగా మారని తొలి దశ క్యాన్సర్), లోబ్యులర్ మార్పుల్లో తరచుగా 16వ క్రోమోజోమ్ పొడవు భుజంలో ముక్క పోయి ఉంటుంది. ఇవన్నీ దగ్గరి చుట్టాలే.

చుట్టరికం ఇంత దగ్గరైనప్పుడు గీత ఎక్కడ గీయాలి? నాళాల ఎటిపియాకూ తక్కువ గ్రేడ్ డీసీఐఎస్‌కూ మధ్య చాలామంది పాటించే హద్దుల్లో ఒకటి మార్పు ఉన్న చోటి పరిమాణం: కేవలం 2 మిల్లీమీటర్లు. 2015లో అమెరికాలో 115 మంది పాథాలజిస్టులకు స్లైడ్లు ఇచ్చి చూస్తే, ఎటిపియా కేసుల్లో నిపుణుల బృందం మాటతో కలిసింది 48 శాతమే. ఈ మాట ఉన్న రిపోర్టు చేతికొస్తే, ఆపరేషన్ గురించి ఆలోచించేలోపే ఆ స్లైడ్లను రొమ్ము వ్యాధుల్లో అనుభవమున్న మరో పాథాలజిస్టుకు చూపించాలి.