బాతు నాన్న గొంతు ఎవరిదంటే

చిరంజీవులు బుజ్జికి, అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

'కుంగ్‌ఫూ పాండా' కార్టూన్ సినిమాలో పో అనే పాండా వాళ్ళ నాన్న, అదే ఆ నూడుల్స్ కొట్టు బాతు, ఇంగ్లీషులో ఆ గొంతు ఎవరిదని మొన్న అడిగారు కదా. ఆయన పేరు జేమ్స్ హాంగ్. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చెయ్యడం ఇష్టం లేక ఇలా రాస్తున్నాను.

1929లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక చైనీయుల ఇంట్లో పుట్టాడు. చదివింది సివిల్ ఇంజనీరింగ్. లాస్ ఏంజిలస్‌లో రోడ్ల ఇంజనీరుగా పనిచేస్తూ, సెలవు పెట్టి షూటింగులకు వెళ్ళేవాడు. చివరికి ఆ ఉద్యోగం వదిలేశాడు. 1950ల నడుమ మొదలుపెట్టి సినిమాలు, టీవీ కలిపి 600కు పైగా వేషాలు వేశాడు.

అన్ని వేషాలు దొరికాయంటే అదృష్టవంతుడే అనుకుంటారేమో. ఏం వేషాలో చూడండి: నౌకరు, హోటల్లో మనిషి, లేదా విలన్. 1957లో చైనా డిటెక్టివ్ చార్లీ చాన్ కథలతో టీవీ సీరియల్ వచ్చింది. కొడుకు వేషం హాంగ్‌ది. తండ్రి వేషం మాత్రం ఐరిష్ మూలాలున్న ఒక తెల్ల నటుడిది! ఆ రోజుల్లో తెల్లవాళ్ళకు కంటి కొసల్లో టేపు అంటించి, ఇదుగో చైనా మనిషి అనేవారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

హాంగ్ ఏడుస్తూ కూర్చోలేదు. 1965లో మాకో అనే నటుడితో, మరికొందరితో కలిసి లాస్ ఏంజిలస్‌లో 'ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్' అనే నాటక సంస్థ పెట్టాడు. మొదటి నాటకం 'రాషోమన్'. బయట నౌకరు వేషాలు వేసేవాళ్ళకు అక్కడ అసలు పాత్రలు దొరికాయి. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. నన్నడిగితే ఆ 600 వేషాలూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

అలాగని చిన్న వేషాన్ని ఆయన చులకనగా చూడలేదు. 1991లో 'సైన్‌ఫెల్డ్' అనే హాస్య సీరియల్లో ఒక ఎపిసోడ్ ఉంది. ముగ్గురు స్నేహితులు చైనీస్ హోటల్లో టేబుల్ కోసం ఎదురు చూస్తుంటారు. కథంతా అంతే. ఎప్పుడడిగినా హాంగ్ "ఐదు, పది నిమిషాలు" అంటాడు. చిరాకు లేదు, తొందర లేదు, మొహంలో ఒక్క గీత కదలదు. వాళ్ళకు ఆకలి, టెన్షన్ పెరిగేకొద్దీ మనకు నవ్వాగదు. 'బ్లేడ్ రన్నర్' అనే సినిమాలో గడ్డకట్టే చలిగదిలో కృత్రిమ కళ్ళు తయారుచేసే ముసలాయన కూడా ఈయనే. అది మీరు పెద్దయ్యాక చూద్దురుగాని.

పేరున్న నటుల పేర్లతో నక్షత్రాలు పొదిగిన కాలిబాట ఒకటుంది, హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ అంటారు. అందులో ఆయన పేరుతో నక్షత్రం పెట్టింది 2022లో, 93 ఏళ్ళ వయసులో. అంతకు ముందు అంత పెద్ద వయసులో ఆ గౌరవం ఎవరికీ దక్కలేదు. అందుకు డానియెల్ డే కిమ్ అనే నటుడు పూనుకుని అభిమానుల దగ్గర చందాలు పోగుచేశాడు. మరుసటేడు నటుల సంఘం అవార్డుల వేదిక మీద, ఆ టేపు కళ్ళ రోజులనూ, ఆసియా వాళ్ళతో సినిమాలు ఆడవన్న నిర్మాతలనూ హాంగ్ గుర్తుచేసి, ఇప్పుడు మమ్మల్ని చూడండి అన్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ వీడియో మీ అమ్మనడిగి చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య