హాజరు పట్టీలో పేరుంటే భాగస్వామ్యమేనా?

సర్వేల, ప్రణాళికల నివేదికల్లో కనిపించే "ప్రజల భాగస్వామ్యంతో" అన్న మాట మీద మళ్లీ రగడ మొదలైంది. నివేదిక రాసినవాళ్లు హాజరు పట్టీలు, ఫొటోలు, నింపిన ఫారాలు చూపిస్తున్నారు. ఆ పట్టీల్లో సంతకాలు పెట్టినవాళ్లేమో "అడిగారు సరే, మేం చెప్పింది ఇందులో ఎక్కడుంది?" అంటున్నారు. సర్వే చేసే పరిశోధకుల మీదా, పిల్లల అభిప్రాయం తీసుకున్నామనే బడుల మీదా, బహిరంగ విచారణ జరిపే అధికారుల మీదా వస్తున్న ఫిర్యాదు ఇదే. ఈ తగాదా అర్థం కావాలంటే 1967లో అమెరికాలో ఏం జరిగిందో చూడాలి.

దానికి మూడేళ్ల ముందు, 1964 ఆగస్టులో, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆర్థిక అవకాశాల చట్టం మీద సంతకం చేశారు. పేదరికం మీద యుద్ధం అని ఆయన ప్రకటించిన కార్యక్రమానికి ఇదే ఆయువుపట్టు. స్థానిక కార్యక్రమాలను అక్కడి నివాసుల "సాధ్యమైనంత గరిష్ఠ భాగస్వామ్యం"తో రూపొందించి, నడపాలని అందులో ఒక మాట ఉంది. సభలో దాని మీద పెద్దగా చర్చే జరగలేదు. అదేదో మంచి మాటలే అని అంతా వదిలేశారు. పేదలు మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు చదివారు. కమిటీల్లో సీట్లు అడిగారు, అద్దె ఇళ్ల గురించి, సంక్షేమ భత్యాల గురించి అధికారులను నిలదీశారు. ఈ కార్యక్రమం డబ్బుతో పనిచేసే లాయర్లే పేదల తరఫున సంక్షేమ శాఖల మీద కేసులు వేశారు. మేయర్లకు ఒళ్లు మండింది. మా నగరంలోకి వచ్చే నిధులు మా చేతుల మీదుగా పోకపోతే ఎలా అని వైట్‌హౌస్‌ దాకా మొరపెట్టుకున్నారు.

1967 చివర్లో సవరణ వచ్చింది. దాన్ని తెచ్చిన ప్రతినిధి పేరు మీద గ్రీన్ సవరణ అంటారు. ఇకమీదట ఈ కార్యక్రమాలు ఏ సంస్థ నడపాలో స్థానిక ప్రభుత్వమే తేల్చవచ్చు. బోర్డులో మూడో వంతు ప్రభుత్వ ప్రతినిధులు, కనీసం మూడో వంతు పేదల ప్రతినిధులు, మిగతా సీట్లు వ్యాపార, సేవా సంఘాల వంటి వాటికి. విచిత్రం ఏమిటంటే, అధికారం చేతికొచ్చినా చాలా నగరాలు ఆ సంస్థలను లాక్కోలేదు. లాక్కోగలవని అందరికీ తెలియడమే సరిపోయింది. ఇంకా విచిత్రం, "గరిష్ఠ భాగస్వామ్యం" అన్న మాట చట్టంలో అలాగే ఉంచారు. ఇవాళ నివేదికల్లో కనిపించే భాగస్వామ్యం 1964 నాటిది కాదు, మాట మిగిలి పట్టు జారిపోయిన ఈ 1967 నాటిది అని నాకనిపిస్తుంది.

అవతలి వాదన కూడా ఉంది. ఆ చట్టం తయారైన రోజుల్లో ప్రభుత్వంలో ఉన్న డేనియల్ మొయినిహాన్ 1969లో పుస్తకమే రాశారు. ఆ మాటకు అర్థమేమిటో రాసినవాళ్లకే తెలియదని, తేలని సిద్ధాంతాలతో ప్రభుత్వం గొడవ కొనితెచ్చుకుందని ఆయన అంటారు.

అదే ఏడాది జులైలో షెర్రీ ఆర్న్‌స్టైన్ ఒక ప్రణాళికా పత్రికలో వ్యాసం రాశారు. నగరాల అభివృద్ధి కార్యక్రమంలో పౌర భాగస్వామ్యంపై ప్రభుత్వానికి సలహాలిచ్చే పనిలో ఉండి, లోపలి తంతు అంతా చూసిన మనిషి. భాగస్వామ్యం పాలకూర తినడం లాంటిదని మొదలుపెట్టారు, ఒంటికి మంచిది కదా, సూత్రప్రాయంగా ఎవరూ కాదనరు. తర్వాత ఎనిమిది మెట్ల నిచ్చెన వేశారు. కింది రెండు మెట్లలో జనాన్ని ఆడించడం, లోపం వాళ్లలోనే ఉన్నట్టు "చికిత్స" చేయడం. మధ్య మూడింట్లో చెప్పడం, అడగడం, బుజ్జగించడం. పై మూడింట్లోనే జనం చేతికి నిజంగా అధికారం వస్తుంది.

ఆ "చికిత్స" మెట్టుకు ఆమె ఇచ్చిన ఉదాహరణ చదివితే మరిచిపోలేం. పెన్సిల్వేనియాలో ఒక తండ్రి, జబ్బుపడిన పసిబిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఇంటికి తీసుకెళ్లి పంచదార నీళ్లు పట్టమన్నాడు. ఆ మధ్యాహ్నమే బిడ్డ న్యుమోనియాతో, ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోయింది. తండ్రి పేదల కోసం పెట్టిన ఆ స్థానిక సంస్థ బోర్డు దగ్గరికే వెళ్లి ఫిర్యాదు చేశాడు. బోర్డు విచారణ జరపలేదు. పిల్లల పెంపకంపై తల్లిదండ్రులకు తాము నడిపే తరగతులకు రమ్మని ఆయన్నే పిలిచింది, ఆస్పత్రి డైరెక్టరుకు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని మాటిచ్చింది. కాగితం మీద చూస్తే ఆ తండ్రి కూడా "పాల్గొన్నట్టే".

మన మాటలో అయితే ఇంత నిచ్చెన కూడా అక్కర్లేదేమో. పాలు అంటే వాటా, పాల్గొనడం అంటే ఆ వాటా తీసుకోవడం. భాగస్వామి అంటే భాగానికి సొంతదారు. వాడకంలో రెండూ అరిగిపోయి హాజరుగా మిగిలాయి.

బడుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఇచ్చింది. మూడేళ్లకే పరిశోధకుడు రోజర్ హార్ట్ యునిసెఫ్ కోసం ఆర్న్‌స్టైన్ నిచ్చెననే పిల్లలకు మలిచి రాశారు. పిల్లలు తమకు నచ్చే ఆటస్థలం బొమ్మలు గీస్తారు, పెద్దలు అవి పట్టుకుపోయి ఆటస్థలం కడతారు, ఏ బొమ్మలోంచి ఏది తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో పిల్లలకు ఎవరూ చెప్పరు. హార్ట్ దీన్ని అట్టడుగు మెట్టు మీద పెట్టారు. ఇప్పుడు బడుల్లో జరిగే అభిప్రాయ సేకరణలు చాలావరకు ఈ బొమ్మల బాపతే.

పరిశోధనలో పేరు మార్పుతోనే చాలామంది సంతోషపడ్డారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం) పరిశోధన పత్రాలు ఎలా రాయాలో చెప్పే తన 1994 శైలి మాన్యువల్‌లో, ప్రయోగాలకు వచ్చేవాళ్లను "సబ్జెక్టులు" అనకుండా "పార్టిసిపెంట్లు" (పాల్గొనేవాళ్లు) అనమని సూచించింది. మర్యాద పెరిగింది, నిజమే. కానీ ప్రశ్నలు తయారు చేసే గదిలో కుర్చీలేమీ పెరగలేదు. కుర్చీ అడిగినవాళ్లు అంతకు పదకొండేళ్ల ముందే ఉన్నారు. 1983లో డెన్వర్‌లో ఎయిడ్స్ రోగులు కొందరు కలిసి, మమ్మల్ని బాధితులు అనకండి అని ప్రకటించారు. పేరు దగ్గర ఆగలేదు, నిర్ణయాలు జరిగే ప్రతి స్థాయిలో, సేవా సంస్థల బోర్డుల్లో కూడా తమకు చోటు కావాలన్నారు. తర్వాతి ఏళ్లలో ఉద్యమం వీధికెక్కాకే మందుల ట్రయల్స్ కమిటీల్లో సీట్లు వచ్చాయి. వేరే మందులు వాడుతున్నవాళ్లను ట్రయల్ నుంచి తప్పించడం ఎందుకని అడిగింది వాళ్లే.

సర్వేలు, విచారణలు నడిపే నిర్వాహకులు ఇప్పుడు చెప్పేదీ కొట్టిపారేసేది కాదు. అందరూ అడిగినవన్నీ ఏ ప్రణాళికలోనూ పట్టవు, అడగడమే మానేస్తే ఇంకా ఘోరం. కానీ ఆ ఫారాలు నింపినవాళ్లకు చివరి గడి తెలిసే ఉంటుంది. "ఇతర సూచనలు" అని ఉంటుంది, కింద రెండు గీతలు.

ఆర్న్‌స్టైన్ వ్యాసంలో ఒకామె మాట ఉంది. ఆమె పేటలో సర్వేలు వారానికి ఇన్నిసార్లా అని జనం విసిగిపోయి ఉన్నారు. ఆమె అన్నది ఇది: ఆ పాడు ప్రశ్నలతో ఒరిగేదేమీ లేదు, సర్వే చేసేవాడికి గంటకు 3 డాలర్లు వస్తాయి, నా బట్టలు మాత్రం ఆ రోజు ఉతకకుండా మిగిలిపోతాయి. కొన్నిచోట్ల జనం జవాబు చెప్పాలంటే ఫీజు అడుగుతున్నారని కూడా ఆ వ్యాసంలోనే ఉంది.