పల్లె పొలం, పట్నం మ్యాపు

విశాఖ పక్కనున్న ఆనందపురం పూలమార్కెట్‌లో తెల్లారకముందే చామంతి, బంతి బేరాలు మొదలవుతాయి. ఆ పూలు పండే మడుల పక్కనే లేఅవుట్ల హద్దురాళ్లు. ఏ సర్వే నంబరులో పంట ఉండాలో, ఎక్కడ ప్లాట్లు పడాలో తేల్చేది గ్రామసభ కాదు, ఏ భూమి దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్‌లో ఆ ముక్కకి వేసిన రంగు.

1971లో విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి, నిర్వాసితుల చేతికి ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులొచ్చాయి. నగరం ఒళ్లు చేస్తుంటే 1978లో మాస్టర్ ప్లాన్ వేసే పట్టణాభివృద్ధి సంస్థ వుడా పెట్టారు. దాని వెనకున్న 1975 చట్టం పేరులో ఉన్నది పట్టణ ప్రాంతాలే, పరిధిలోకి మాత్రం పల్లెలూ వచ్చి పడ్డాయి.

1992లో రాజ్యాంగాన్ని సవరించి పంచాయతీలకు బలమిచ్చామన్నారు. పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి: సాగు, చిన్న నీటి వనరులు, నేల సంరక్షణ, ఇంకా చాలా. భూవినియోగ నియంత్రణ మాత్రం అందులో లేదు. అది పురపాలికల కోసం రాసిన పన్నెండో షెడ్యూలులో, 18 అంశాల్లో రెండోది. నన్నడిగితే అసలు పేచీ ఇక్కడే ఉంది. చెరువు బాగుచేసుకునే పని పంచాయతీది, ఆ చెరువుకి నీళ్లు తెచ్చే గెడ్డ (వాగు) పక్కన ఏం కట్టాలో చెప్పే మాట వేరేవాళ్లది. రెంటినీ కలిపి చూడ్డానికి జిల్లా ప్రణాళికా సంఘం, పది లక్షలు దాటిన నగర ప్రాంతానికి మరో సంఘం ఉండాలని అదే రాజ్యాంగం చెప్పింది. ఆ రెండోదానిలో మూడింట రెండొంతుల మందిని ప్రజాప్రతినిధులే ఎన్నుకోవాలి. కాగితం మీద ముచ్చటగానే ఉంది.

2005లో గాజువాకతో పాటు 32 గ్రామాల్ని నగరంలో కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేశారు. 2018లో వుడా పోయి దాని చోట మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ వచ్చింది.

2020లో ఇళ్ల స్థలాల కోసం పది మండలాల్లో 6,116 ఎకరాలు సమీకరించాలని ఉత్తర్వులిచ్చారు. డీపట్టా భూమికి, అంటే ప్రభుత్వం సాగు కోసం పేదలకిచ్చిన భూమికి, ఎకరాకి 900 గజాలు తిరిగిస్తామన్నారు. ఎకరమంటే 4,840 గజాలు. జీడిమామిడి చెట్లు పెంచుకున్న రైతు ఆ లెక్క వేళ్ల మీదే వేసుకున్నాడు.

ఈలోగా ఏటా గ్రామసభలో జీపీడీపీ పేరుతో ఊరి ప్రణాళిక రాస్తున్నారు. సీసీ రోడ్డు, మురుగు కాలువ, వీధిలైట్లు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో మన్యం ఒకవైపు, అనకాపల్లి మరోవైపు పోయాయి. విశాఖ జిల్లాకి పల్లె అని చెప్పుకోడానికి ప్రధానంగా ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి వైపు ఊళ్లే మిగిలాయి. లేఅవుట్ల బోర్డులు ఎక్కువగా కనబడేదీ ఆ దారుల్లోనే.